జిప్సీకి ఇంజిన్ మార్పిడి

పాత కార్బురేటర్ జిప్సీలో ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పెట్టించాలని మా వాళ్లలో మళ్లీ ఒకడికి పూనకం వచ్చింది. ఆశ న్యాయమైనదే. 1985లో వచ్చిన జిప్సీది 970 సీసీ. 2000 నాటి ఎంపీఎఫ్ఐ జిప్సీ కింగ్‌ది 1298 సీసీ, 16 వాల్వులు, 80 హార్స్‌పవర్. చలికాలం పొద్దున్నే చోక్ లాగి బతిమాలే పనుండదు.

అందరూ ఇంజిన్ రేటు అడిగేవాళ్లే, పెట్రోల్ ఎలా అందుతుందని ఎవరూ అడగరు! కార్బురేటర్‌కి మెకానికల్ పంపు ఇచ్చే 4-5 పీఎస్ఐ చాలు. ఇంజెక్టర్లకి దాదాపు 40 కావాలి. అంటే ఎలక్ట్రిక్ పంపు, ఆ ప్రెషర్‌కి ఆగే పైపులు, మిగిలిన పెట్రోల్ ట్యాంకుకి తిరిగెళ్లే లైను. ఆపైన ఈసీయూ, సెన్సర్లు, వైరింగ్. స్క్రాప్‌లో వైర్లు కోసేసిన ఇంజిన్ చవగ్గా దొరికిందని సంబరపడకండి, మిగిలిందంతా ఎలక్ట్రీషియన్ పట్టుకుపోతాడు. నన్నడిగితే ఇంజిన్ ఒక్కటే కాదు, యాక్సిడెంట్ బండి మొత్తం కొనాలి.

అడవిలో ఆగిపోతే మాత్రం జెట్టు ఊదుకుని బయటపడేది కార్బురేటర్ బండే. (నా ఓటు దానికే.)

ఆర్‌టీఓ అనుమతి పని మొదలుపెట్టకముందే తీసుకోండి. కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కకపోతే క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది అదే.