కడలి దాటుటకు కావలసిన పేరు

అండమాను దీవులకు బోవుటకు పాసుపోర్టు కావలయునా యని మమ్మడిగిన సోదరీమణులు పలువురు. అక్కఱలేదు. విశాఖపట్టణమునకు రమారమి 1,200 కిలోమీటర్ల దూరమున, బంగాళాఖాతమున కావలి కొసను ఉన్నను, ఆ దీవులు భారతదేశములోనివే. 2011 జనాభా లెక్కలలో అచట నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ముఖ్యపట్టణమైన పోర్టుబ్లెయిరు పేరును 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని మార్చిరి గాని, మా యింట నింకను పాత పేరే నాలుకకు వచ్చుచున్నది. ఊరి పేరు మార్చుట సులభమే. ఆడుదాని పేరు కాగితములలో ఒక్క తీరున నుండునట్లు చేయుట యెంత కష్టమో క్రిందటి యేడు మాకు తెలిసినది.

మా చిన్నత్తగారి కుమార్తె, వరుసకు మా యాడపడుచు, ఆ యూర కాపురమున్నది. తొలి కాన్పు పుట్టింట జరుగుట మన యాచారము. వైద్యులు ప్రయాణము వలదనుటచే పుట్టిల్లే సముద్రము దాటవలసి వచ్చెను. చిన్నత్తగారికి అరువదియేండ్లు, విమానమును ఆకాశమున చూచుటయే గాని దగ్గఱకు పోయి యెఱుగరు. మా మఱిది టిక్కెట్టు కొని తెచ్చెను.

టిక్కెట్టు వచ్చిన పిదప కార్డులు తీసి చూడగా ముగ్గురు స్త్రీలు కనబడిరి. ఓటరు కార్డులో పేరు 'అమ్మ' యని ముగిసినది. ఆధారులో 'వతి' యని ముగిసి, ముందు పుట్టింటివారి యింటిపేరు నిలిచినది. టిక్కెట్టులో నత్తింటి యింటిపేరును, దాని ప్రక్క ఇంట పిలుచు ముద్దుపేరును. మువ్వురును మా చిన్నత్తగారే యని విమానాశ్రయ ద్వారమున నిలుచు రక్షకభటునకు ఎవరు నచ్చజెప్పగలరు?

వారి రేషను కార్డు చాలదా యని అడిగితిమి. 2017లో ప్రభుత్వమువారు ప్రకటించిన పది గుర్తింపు కార్డుల జాబితాలో పాసుపోర్టు, ఓటరు కార్డు, ఆధారు, పాన్ కార్డు, డ్రైవింగు లైసెన్సు మొదలగునవి కలవు. రేషను కార్డు లేదు. ఓడలో పోవువారికిని ఛాయాచిత్రముగల కార్డు తప్పదు. పైగా ఓడప్రయాణము రెండు మూడు దినములు, కాన్పు ఆగునా?

చిన్నత్తగారు కార్డులన్నియు ఒడిలో పెట్టుకొని, "నా బిడ్డకు నేను తల్లినని వ్రాసియున్న కాగితము ఒక్కటియు లేదటే?" యనిరి. మాకు ఉత్తరము తోచలేదు.

ఆలోచింపగా ఆ పేర్లలో నొక్కటియు వారు చెప్పి వ్రాయించినది కాదు. ఓటరు కార్డులు 1993లో మొదలైనవి. పేర్లు వ్రాసికొనుటకు వచ్చినవాడు వీధియరుగుపై కూర్చుండి మగవారినడిగి వ్రాసికొనెను. వారు వంటయింట నుండిరి. ఆధారు సంఖ్యలు 2010లో మొదలైనవి. దానికి వ్రేలిముద్రలును, కనుపాప గుర్తులును ఈయవలయును గనుక స్వయముగా పోయిరి; అచటను పేరు ప్రక్కవారే చెప్పిరి. తెలుగున నొక్క తీరున వ్రాయు పేరు ఆంగ్లాక్షరములలోనికి పోగానే నాలుగు తీరుల నగును. దీర్ఘమున కొక అక్షరమా, రెండా యని వ్రాయువాని చిత్తము. ఇంటి యాడువారి పేరు తప్పుగా వ్రాసినచో చదివి చూచువారు లేరనుట మాకు బాధాకరముగ నున్నది.

ఆ దీవులకు గుర్తింపుబిళ్ల క్రొత్తది కాదు. 1858లో ఆంగ్లేయులచట ద్వీపాంతరశిక్ష పొందినవారి నుంచనారంభించిరి. ఖైదీల మెడలో కొయ్యబిళ్ల వ్రేలాడుచుండెడిది. దానిపై సంఖ్యయు, శిక్షాకాలమును, విడుదల తేదియు ఉండెడివి. అది మనుష్యుని కట్టియుంచుటకు. మన కార్డు కదలనిచ్చుటకు. అయినను కొయ్యబిళ్ల తలచినపుడు చిన్నత్తగారి ఒడిలోని కార్డులు మాకు కనులయెదుట నిలుచును.

ఆధారులో పేరు మార్పింపవలయునని కొందఱనిరి. దానికి సాక్ష్యపత్రములు చూపవలయును, వారములు పట్టవచ్చును, జన్మమున రెండుమార్లకన్న పేరు మార్చనీయరు. కార్డును టిక్కెట్టునకు సరిపుచ్చుట కన్న టిక్కెట్టునే కార్డునకు సరిపుచ్చుట మేలని మేమంటిమి. అమ్మినవారు పేరు దిద్దుటకు ఒప్పుకొనలేదు. కొంత సొమ్ము పోయినను, ఆధారును ముందుంచుకొని అక్షరము తప్పకుండ క్రొత్త టిక్కెట్టు కొనిరి. ఈ మారు మా మఱిది చదువగా చిన్నత్తగారు కార్డు పట్టుకొని సరిచూచుకొనిరి.

అల్లుడు కారునికోబారు కూడ చూపింతుననెను గాని దానికి వేఱు అనుమతిపత్రము కావలయును. 1956 నాటి చట్టముచే ఆదివాసుల నెలవులు రక్షితములు; మన దేశీయులును పత్రము లేక పోరాదు. ఇది న్యాయమే. మన వేడుకకై వారి యిండ్లలోనికి దూరనేల? చిన్నత్తగారు ఆ మాటయే యెత్తవలదనిరట.

ఆడపిల్ల పుట్టినది. రెండేండ్లలోపు శిశువునకు విమానమున వేఱు ఆసనము కొననక్కఱలేదు గాని వయసు చూపుటకు జననపత్రము అడుగుదురు. జననము 21 దినములలో నమోదు చేయింపవలయును. అల్లుడు ఆ కాగితము నింపి తెచ్చి సంతకము చేయబోగా చిన్నత్తగారు ఆపిరట. కూతురి ఆధారు తెప్పించి, కండ్లజోడు పెట్టుకొని, తల్లి పేరుగల గడిలో నొక్కొక్క అక్షరముపై వ్రేలుంచి చూచిన పిదపనే కలము చేతికిచ్చిరట.