మా మొఖాలకు కొలత

మా ఇంట్లో నాయినది ఒకే ఒక్క ఫొటో ఉంది. 1978లో మౌలాలి ఉర్సుకు పోయినప్పుడు తీయించుకున్నది. గుట్ట కింద గుడారం వేసి, తాజ్‌మహల్ బొమ్మ ఉన్న తెర కట్టి ఒకాయన ఫొటోలు తీస్తున్నాడు. నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్. అమ్మ నాచారం కంపెనీల్లో ఊడ్చే పని చేసేది. ఆ రోజు నాయిన తెల్ల చొక్కాకు ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. నన్ను మధ్యలో నిలబెట్టారు. రెండు రోజుల తర్వాత ఫొటో చేతికొచ్చింది. అందులో తెల్ల బట్టలున్నాయి, పళ్ళున్నాయి, తాజ్‌మహల్ ఉంది. మా మొఖాలు మాత్రం లేవు. నాయిన అడిగితే, "మీరే నల్లగుంటిరి, కెమెరా ఏం జేస్తది?" అన్నాడాయన. నాయిన ఇంకో మాట అనకుండా పైసలిచ్చి వచ్చాడు. మాదిగోళ్ళ మొఖాలు ఫొటోల గూడ పడవేమో అనుకున్నాను. అప్పుడు నాకు పదేళ్ళు.

పదో తరగతి అయినంక నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో హెల్పర్‌గా చేరాను. కూడబెట్టిన పైసలతో పాత ఆగ్ఫా క్లిక్ త్రీ కొన్నాను. రోలుకు 12 ఫొటోలు. ఊటీలో హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళు తయారు చేసే ఇందు రోలు చవకగా దొరికేది. పన్నెండింట్లో ఎనిమిది పాడయ్యేవి. అవి బాగు పడేసరికే, 1986లో, నాయిన పోయాడు.

1989లో కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ యాషికా ఎఫ్‌ఎక్స్ త్రీ దొరికింది. అందులో మీటరుంది. ఆ మీటరు సంగతి తెలిసిన రోజు నాకు ఏడుపొచ్చింది. మీటరుకు మనిషి తెలవడు. ఎదురుగా ఏమున్నా అదంతా ఒక నడిమి బూడిద రంగే అనుకుని వెలుగు లెక్క చెబుతుంది. తెల్ల చొక్కా, తెల్ల గోడ ఎక్కువుంటే వెలుగు చాలా ఉందనుకుంటుంది. దాని మాట వింటే నల్ల మొఖం చీకట్లో మునుగుతుంది. దగ్గరికి పోయి మొఖాన్నే కొలవాలి. లేదా అరచేతిని కొలిచి ఒక స్టాపు ఎక్కువ వెలుగివ్వాలి. తోలు రంగు ఏదైనా అరచేయి అందరిదీ ఇంచుమించు ఒకటే. కోడక్ కంపెనీ రంగుల కొలత కోసం ల్యాబులకు పంపిన కార్డుల మీద కూడా ఏళ్ళ తరబడి తెల్ల ఆడవాళ్ళ బొమ్మే ఉండేదని, వాటిని షర్లీ కార్డులనేవాళ్ళని ఆ తర్వాత చదివాను. గుడారంలో ఆ ఫొటో ఆయన కూడా మా మొఖాలు చూడలేదు. అలవాటైన లెక్కతో తీసిండంతే. తప్పు నాయిన తోలుది కాదు. ఈ మాట చెప్పుదామంటే నాయిన లేడు.

వంట చేసే మూలనే రాత్రిపూట నా డార్క్‌రూమ్. మెటాల్ 2 గ్రాములు, సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2, లీటరు నీళ్ళు. "తినే కాడ ఈ మందులేందిరా" అని అమ్మ తిట్టేది. తిట్టుకుంటనే కిటికీకి దుప్పటి కట్టేది.

తర్వాత ఒక పత్రికలో ఫొటోగ్రాఫర్‌నయ్యాను. 1996లో ఉప్పల్ దిక్కు మ్యాన్‌హోల్‌లో మనిషి దిగి పని చేస్తున్నాడంటే పోయాను. దిగింది మా మేనమామ. పాకీ పనిని నిషేధించిన 1993 చట్టంలో మ్యాన్‌హోల్ ఊసే లేదు. అది చట్టంలో చేరింది 2013లో. నేను రోడ్డు మీద నిలబడి వంగి తీశాను. నల్ల నీళ్ళలోంచి మామ తలెత్తి చూస్తున్నాడు. కొలత సరిగ్గా కుదిరింది, మొఖంలో ప్రతి గీతా కనబడింది. పెద్దగా అచ్చేశారు. కింద నా పేరు వేశారు. మామ మాత్రం "ఒక కార్మికుడు".

ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం మామ ఇంటికి పోతే పేపరు మడిచి నా చేతుల పెట్టిండు.

"ఫొటో మంచిగొచ్చింది అల్లుడా. నువ్వు మీద నిలబడ్డవ్, నేను గుంతలున్న. పోరడు మూడు దినాలాయె, బడికి పోతలేడు."

నాకు నోట మాట రాలేదు. మొఖం కనబడితే చాలనుకున్న. అది చాలదని ఆ రోజు తెలిసింది.

ఏం చేయాలో తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్ళు వీడియో కెమెరా నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది బడి మొఖం చూడనోళ్ళు. పై నుంచి కిందికి తీస్తే వాళ్ళు దాన్ని పటేల్ షాట్ అన్నారు. కింద నుంచి పైకి తీస్తే బానిస చూపు. కండ్లకు కండ్లు సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్. నేను ఇరవై ఏళ్ళ అనుభవముందని చెప్పుకునేవాణ్ణి. మా మామను నేను తీసింది పటేల్ షాట్.

2006లో డిజిటల్ కెమెరా, చేతిలో పట్టే రికార్డర్ తీసుకుని మళ్ళీ మామ దగ్గరికి పోయాను. ఈసారి ఏం తీయాలో ఆయన్నే అడిగాను. తెల్ల చొక్కా తొడుక్కుని మంచం మీద కూసున్నాడు. నేను ఎదురుగా స్టూలేసుకున్నాను. అరచేయి చాపమని కొలుచుకున్నాను. మూత తీసినంక ఎంతసేపు ఆగాలె, లోపల బొద్దింకలు బతికున్నయా లేదా ఎందుకు చూడాలె, ఆ లెక్క తప్పి పోయిన దోస్తులెవరు, అన్నీ పేరుపేరునా చెప్పాడు. 14 ఫొటోలు, ఆరు నిమిషాల గొంతు. ఫొటోలో పేరు పట్టదు, గొంతులో పడుతుంది. అందుకే రెండూ కలిపాను.

బస్తీలో గోడకు దుప్పటి కట్టి చూపించాం. చచ్చిపోయినోళ్ళ పేర్లొచ్చినప్పుడు ఎవరూ కదల్లేదు. అప్పుడు బడి మానేసిన పోరడు, ఇప్పుడు పెద్దోడు, ముందు వరసలోనే కూసున్నాడు. అయిపోయినంక లేచి, "ఇంకోపారి ఎయ్యి బావా" అన్నాడు.

ఆ మధ్య ఉర్సు ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్లో ఎంతగానో వెలుగు పెంచి చూశాను. చొక్కా ఇంకా తెల్లగయింది గాని నాయిన మొఖం రాలేదు. తీసేనాడు దక్కని వెలుగును తర్వాత ఎవరూ తెచ్చియ్యలేరు. ఇప్పుడు మా వాళ్ళ ఫొటో ఎవరిది తీసినా తొందరపడను. ముందు పేరడుగుతాను, కూసుంటాను, అరచేయి చాపమంటాను.