ఇప్పచెట్ల వెంట, గోదారి దాకా

ఖమ్మం దాటి కొత్తగూడెం వైపు పోతుంటే చేల నడుమ ఇప్పచెట్లు కనబడటం మొదలవుతుంది. మొక్కజొన్న చేలో ఒకటి, పత్తి తీసేసిన దుక్కిలో మరొకటి. గట్టు మీద కాదు, సరిగ్గా చేను మధ్యలో ఉంటాయి. నాగలైనా ట్రాక్టరైనా వాటిని చుట్టుకుని పోవాల్సిందే. ఈ దారిలో ఫోటోలకని వచ్చేవాళ్ళు నేరుగా కిన్నెరసాని అభయారణ్యానికి పోతారు. నేను చెట్ల వెంట పోదామనుకున్నాను. పోడు కొట్టిన కోయ రైతులు మద్దినీ బిల్లుడునూ నరికారు గాని ఇప్ప మీద గొడ్డలి వేయలేదు. కాబట్టి చేలో మిగిలిన ప్రతి ఇప్పచెట్టూ ఒకప్పుడు అడవి అక్కడిదాకా ఉండేదని సాక్ష్యం చెబుతుంది. అటవీశాఖ హద్దురాళ్ళు పాతింది ఆ తర్వాతి మాట.

మార్చి నెలాఖరు. ఇప్పకు ఆకు రాలిపోయి, కొమ్మల చివర్ల గుత్తులు వేలాడుతున్నాయి. అక్కడక్కడా రాగిరంగు చిగురు మొలుస్తోంది. ఎదురెండలో పెట్టి తీస్తే ఆ చిగురులోంచి వెలుగు ఎర్రగా దిగుతుంది. పొద్దెక్కితే ఆ రంగు ఉండదు. అందుకే నా పనంతా ఉదయం ఎనిమిదింటి లోపే.

పాల్వంచ దగ్గర థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, వాటి వెనక కొండలు ఒకే ఫ్రేములోకి వస్తాయి. ఆ కేంద్రానికి నీళ్ళిచ్చేది కిన్నెరసాని జలాశయమే. 1977లో ప్రకటించిన అభయారణ్యం విస్తీర్ణం 635 చదరపు కిలోమీటర్లు. జలాశయం ఒడ్డున మొసళ్ళు నోరు తెరిచి ఎండ కాచుకుంటున్నాయి, వాటికి కాస్త ఎడంగా నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. బాగానే తీశాను. కాని అలాంటి ఫోటోలు చాలామంది దగ్గర ఉంటాయి. నా మనసు అప్పటికే అడవి అంచున ఉన్న ఒక కోయగూడెం మీద ఉంది.

రాత్రి అక్కడే ఉన్నాను. చీకటి పడే వేళ గబ్బిలాలు వచ్చాయి. ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుంటుంది. గబ్బిలాలు తియ్యటి రేకుల కోసం గుత్తుల మీద వాలి, ముఖాలకు అంటిన పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి. పగలు మనం ఛీ అనుకునే ఈ జీవి లేకపోతే ఇప్పకాయ తగ్గిపోతుంది, గింజ తగ్గిపోతుంది, గూడెంలో దీపానికీ కూరకూ వాడిన ఇప్పనూనె తగ్గిపోతుంది. ఫ్లాష్ వెలిగించలేదు. పడమటి ఆకాశంలో మిగిలిన కాస్త వెలుతురు మీద రెక్కల నీడల్నే పట్టుకున్నాను. మసకగా వచ్చాయి, అయినా అవే నాకు ఇష్టం.

తెల్లవారుజామున చెట్టు వైపు అడుగు వేయబోతే ఇంటి పెద్దామె ఆపింది.

“ఇప్పుడే పోమాక సారూ. గుడ్డెలుగు తింటా ఉంటది. తెల్లారనియ్యి.”

“రోజూ వస్తుందా పెద్దమ్మా?”

“పువ్వు దానికీ కావాలె గదా!”

అంతకుమించి చెప్పడానికి ఆమెకేమీ లేదు. ఈ నెలల్లో ఇప్పచెట్ల కింద ఎలుగుబంటి దాడి చేసిన వార్తలు మధ్య భారతమంతటా వస్తుంటాయి. పువ్వు ఏరేవాళ్ళూ ఎలుగూ ఒకే వేళకు ఒకే చెట్టు కిందికి రావడమే కారణం. దాని ఫోటో కోసం నేను చీకట్లో చొరబడితే నాతో పోయేది కాదు. బెదిరిన జంతువు ఆ తర్వాత ఎవరి మీద పడుతుందో చెప్పలేం. వెలుగొచ్చాక కాండం మీద గోళ్ళ గీతలు తీసుకున్నాను. పాత గీతల మీద కొత్తవి, ఎన్ని ఋతువులవో. దూరాన వాగు అవతల మరో చెట్టు దగ్గర కొండముచ్చులు పైన తింటూ గుత్తులు విదిలిస్తుంటే, కింద దుప్పులు ఏరుకుంటున్నాయి. టెలి లెన్సుతో ఉన్నచోటి నుంచే తీశాను. దుప్పి తలెత్తలేదు, అదే నాకు సంతోషం.

పువ్వు చినుకుల్లా టపటపా రాలుతోంది. పెద్దామె, కోడలు, ఇద్దరు పిల్లలు గంపలతో వచ్చారు. చెట్టు కింద నేల నల్లగా ఉంది. పువ్వు కనబడాలని ఎండుటాకులకు ముందే నిప్పు పెట్టారు. బూడిద మీద మీగడ రంగు పువ్వులంటే కెమెరా మోసపోతుంది. నలుపును చూసి వెలుతురు పెంచేస్తుంది, పువ్వులు ఒట్టి తెల్లచుక్కలైపోతాయి. ఒక స్టాపు తగ్గించాక కండగల రేకు మీది తడి, దాన్ని పట్టుకున్న ముసలి వేళ్ళు, రెండూ నిలిచాయి.

ఆ నిప్పు అప్పుడప్పుడూ అడవిలోకి పాకుతుంది. చెట్టు కింద మొలిచిన ఇప్ప మొక్కలూ అందులోనే మాడిపోతాయి. ఏళ్ళ తరబడి ఇలా కాలిస్తే ముసలి చెట్ల తర్వాత నిలబడే పిల్ల చెట్లు ఉండవు. ఆ మాట పెద్దామెకు నాకంటే బాగా తెలుసు. కింద వలో పాత చీరో పరిస్తే నిప్పు అక్కర్లేదు, కొన్నిచోట్ల అలాగే చేస్తున్నారు. ప్రతి ఇంటికీ ఒక వల ఇప్పించడం ప్రభుత్వానికి భారమేమీ కాదు. ముందు అది చేసి, తర్వాత నిప్పు గురించి మాట్లాడితే న్యాయంగా ఉంటుంది.

సారపాక దగ్గర కాగితపు మిల్లు. దాని చుట్టుపక్కల మైళ్ళకొద్దీ జామాయిల్, సుబాబుల్ తోటలు. ఆగలేదు. గోదావరి వంతెన దాటితే భద్రాచలం, శ్రీరామనవమికి పందిళ్ళు లేస్తున్నాయి. రాముడి విగ్రహాలను మొదట చూసి తాటిపండు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం. గుడి కట్టించిన కంచర్ల గోపన్న ఆ తర్వాత వచ్చినవాడు. ఏటా కల్యాణం జరిగే రోజులకే ఈ అడవి పువ్వు రాలుస్తుంది.

ఊరు దాటిన కాసేపటికే ఎటపాక. అది ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఇక్కడి మండలాలను ఇటు కలిపారు. మరికొంత దూరం పోతే ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రాల్లోనూ ఇవే ఇప్పచెట్లు, ఇదే కోయభాష. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. దిగువన పాపికొండలు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద వెలువరించిన పుస్తకం పేరులో అడవిదున్నల కొండలన్నది వీటినే.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ ఊళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ఒడ్డు మీది ఇప్పచెట్లు తట్టుకున్నాయి, మళ్ళీ పూశాయి. వరద వచ్చి పోతుంది. పోలవరం జలాశయం 45.72 మీటర్ల దాకా నిండితే ఆ నీళ్ళు వరదలా వెనక్కి పోవు. ముంపు కిందికి వచ్చే ఒక ఊళ్ళో, ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్ళు ఏరుకోవాలో పిల్లలు కూడా చెప్పగలిగారు. ఏ కాగితం మీదా లేని హక్కు అది. “ఇల్లు కట్టిస్తామన్నరు. ఈ చెట్టు మా తాత నాటి నుంచి ఏరుకున్నది, దాన్నేం జేస్తరు?” అని ఒకాయన అడిగాడు. ఇప్ప గింజ నాటితే పూతకు రావడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది.

ఆ పూట జంతువుల జోలికి పోలేదు. ఒక్కో చెట్టు కింద ఆ చెట్టు తాలూకు ఇంటివాళ్ళను నిలబెట్టి, వైడ్ లెన్సుతో వేరు నుంచి పైకొమ్మ దాకా వచ్చేలా తీశాను. కబురు పాకి, పిలవకుండానే పక్క గూడెంవాళ్ళు కూడా వచ్చి తమ చెట్టు దగ్గరకు తీసుకెళ్ళారు. కొందరు ముసలివాళ్ళను మంచాల మీద మోసుకొచ్చారు. ప్రతి ఇంటికీ ప్రింటు ఇస్తానన్నాను. తొలకరి పడితే ఆ దారులు తెగిపోతాయి, ఆలోపే తీసుకెళ్ళాలి.