మొక్కజొన్న చేల నడుమ... అమ్మాయిల ఆట!

జులై సగం గడిచిందంటే ఫోర్ట్ డాడ్జ్‌లో తిరనాళ్ల సందడి మొదలవుతుంది. ఊరి జనాభా పాతిక వేలు. రాష్ట్రం నలుమూలల నుంచీ అక్కడికొచ్చే జట్లు నలభై. అన్నీ హైస్కూలు అమ్మాయిల జట్లే. అమెరికాలో మిగతా రాష్ట్రాల్లో స్కూలు సాఫ్ట్‌బాల్‌ను వసంతంలోనో, శరదృతువులోనో ఆడేస్తారు. బడులకు సెలవులిచ్చాక నడి వేసవిలో స్కూలు జట్లను బరిలోకి దింపే రాష్ట్రం ఒక్క అయోవానే. ఆ ఆట వెనక వందేళ్ల పట్టుదల ఉంది.

పచ్చటి దారి

అయోవా రాజధాని డెమోయిన్ నుంచి ఫోర్ట్ డాడ్జ్ సుమారు 150 కిలోమీటర్లు. దారి పొడవునా రెండే పంటలు... మొక్కజొన్న, సోయాబీన్. జులైలో మొక్కజొన్న మనిషెత్తు దాటి ఉంటుంది. మధ్యమధ్యలో ధాన్యం నిల్వచేసే పొడవాటి గోదాములు, వాటి నీడలో చిన్న చిన్న ఊళ్లు. డెమోయిన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఈ దారి కొంతవరకూ తెలిసిందే. కాస్త పక్కకు తిరిగితే, స్పెయిన్ రాజధాని పేరే పెట్టుకున్న మాడ్రిడ్ అనే ఊళ్లో హిందూ దేవాలయం ఉంది మరి!

ఫోర్ట్ డాడ్జ్ 1850లో సైనిక స్థావరంగా మొదలైంది. డెమోయిన్ నది ఒడ్డున ఉన్న ఈ ఊరికి పేరు తెచ్చింది మాత్రం నేలలోని జిప్సమ్. 1868లో జార్జ్ హల్ అనే వ్యక్తి ఇక్కడో పెద్ద జిప్సమ్ దిమ్మె కొని, షికాగోలో పదడుగుల మనిషి బొమ్మ చెక్కించాడు. దాన్ని న్యూయార్క్ రాష్ట్రంలోని కార్డిఫ్‌లో రహస్యంగా పాతిపెట్టించాడు. మరుసటి ఏడాది తవ్వి తీయించి, రాయిగా మారిన రాక్షసుడంటూ జనానికి టిక్కెట్టు పెట్టి చూపించారు. మోసం బయటపడినా బొమ్మకు గిరాకీ తగ్గలేదు. అసలు బొమ్మ కూపర్స్‌టౌన్‌లో ఉంది. దాని నకలును ఫోర్ట్ డాడ్జ్ మ్యూజియంలో చూడొచ్చు.

చీపురుకర్రతో పుట్టింది

ఆ రాక్షసుడిని చెక్కిన షికాగోలోనే సాఫ్ట్‌బాల్ కూడా పుట్టింది. 1887లో థ్యాంక్స్ గివింగ్ పండగనాడు ఓ క్లబ్బులో కుర్రాళ్లు హార్వర్డ్, యేల్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. ఫలితం తెలియగానే ఒకడు సంబరంగా బాక్సింగ్ గ్లోవ్ విసిరాడు. ఇంకొకడు కర్రతో దాన్ని కొట్టాడు. అది చూసిన జార్జ్ హాన్‌కాక్ గ్లోవ్‌ను తాళ్లతో బంతిలా బిగించి, చీపురుకర్రను బ్యాటుగా ఇచ్చి ఆట మొదలెట్టించాడు. చలికాలంలో నాలుగ్గోడల మధ్య ఆడుకోవడానికి పుట్టిన బేస్‌బాల్ ఇది. సాఫ్ట్‌బాల్ అనే పేరు 1920ల్లో గానీ రాలేదు.

పేరులో సాఫ్ట్ ఉన్నా బంతి గట్టిదే. చుట్టుకొలత 12 అంగుళాలు. పిచ్చర్ చేతిని గిర్రున తిప్పి, భుజం కింద నుంచే విసరాలి. క్రికెట్ పిచ్ 66 అడుగులైతే, హైస్కూలు సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్‌కీ బ్యాటర్ దగ్గరున్న హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 43 అడుగులే. గంటకు 60 మైళ్ల వేగంతో వచ్చే బంతిని కొట్టాలో వదిలెయ్యాలో తేల్చుకోవడానికి అరసెకను కూడా దొరకదు!

రైలుకు అడ్డు నిలబడొద్దు!

అయోవా అమ్మాయిలకు ఈ ఆట ఊరికే దక్కలేదు. 1920 నుంచే అక్కడ అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కు రాష్ట్రస్థాయి పోటీలు జరిగేవి. జనం ముందు పోటీపడి ఆడటం ఆడపిల్లల ఆరోగ్యానికీ, మర్యాదకీ మంచిది కాదన్న వాదన ఆ రోజుల్లో బలంగా ఉండేది. 1925లో రాష్ట్ర హైస్కూలు క్రీడా సంఘం ఆ పోటీలను వదిలించుకోవాలనుకుంది. పెద్ద పట్టణాల స్కూళ్లు సరేనన్నాయి. పల్లెటూళ్ల బడుల పెద్దలు మాత్రం ఎదురుతిరిగారు. మిస్టిక్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన జాన్ ఏగన్స్, ఈ ఆటను ఆపాలని చూస్తే రైలుకు అడ్డంగా నిలబడ్డట్టేనని హెచ్చరించిన సంగతి అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడాదే వాళ్లు వేరుకుంపటి పెట్టేశారు. అచ్చంగా అమ్మాయిల కోసమే ఓ హైస్కూలు క్రీడా సంఘం పుట్టింది.

1954లో ఆ సంఘం పగ్గాలు అందుకున్న వేన్ కూలీ 2002 వరకూ దాన్ని నడిపించాడు. బాస్కెట్‌బాల్‌కు సాఫ్ట్‌బాల్ లాంటి ఆటలు తోడయ్యాయి. విద్యాసంస్థల్లో ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం వచ్చింది 1972లో. అప్పటికి దేశం మొత్తమ్మీద హైస్కూలు ఆటల్లో ఉన్న అమ్మాయిలు మూడు లక్షల్లోపే. ఇప్పుడు ముప్ఫై లక్షలకు పైమాటే. ఆ చట్టానికి రెండేళ్ల ముందే, 1970లో అయోవా సాఫ్ట్‌బాల్ రాష్ట్ర పోటీలు ఫోర్ట్ డాడ్జ్‌లోని రోజర్స్ క్రీడాప్రాంగణానికి చేరాయి. అప్పట్నుంచీ ఆ ఊరే ఈ ఆటకు పుట్టిల్లు.

వేసవే ఎందుకు?

అయోవాలో ఏప్రిల్‌లోనూ మంచు పడొచ్చు. మైదానాలు చిత్తడిగా ఉంటాయి. పైగా చిన్న బడుల్లో పిల్లలు తక్కువ. వసంతంలో పరుగు పందేలకు వెళ్లే అమ్మాయే వేసవిలో బ్యాటు పట్టుకోవాలి. అప్పుడే ఎనిమిదో తరగతి పూర్తిచేసిన పిల్ల కూడా హైస్కూలు జట్టులో ఆడొచ్చు. సాయంత్రం మైదానం దీపాల కింద మనవరాలి ఆట చూడ్డానికి పొలం పని ముగించుకుని తాతలొస్తారు.

ఇప్పుడు ఆ వేసవికే పోటీ వచ్చింది. బాగా ఆడే అమ్మాయిల్ని ప్రైవేటు క్లబ్బులు ఊరూరా టోర్నమెంట్లకు తిప్పుతాయి. కాలేజీ కోచ్‌లు క్రీడాకారిణుల్ని వెతుక్కునేదీ ఎక్కువగా అక్కడే. స్కూలు జట్టా, క్లబ్బా అన్నది చాలా ఇళ్లలో తెగని చర్చ. అందరిలా వసంతానికి మారిపోతే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు.

మరోపక్క పల్లెలు పలచబడుతున్నాయి. ఒకప్పుడు వేలల్లో ఉన్న స్కూలు డిస్ట్రిక్టులు ఇప్పుడు మూడొందల పైచిలుకే. ఆ కలయికల గుర్తులు బడుల పేర్లలోనే కనిపిస్తాయి. ఆక్లీ, జెనీవా, వెల్స్‌బర్గ్, స్టీమ్‌బోట్ రాక్... ఈ నాలుగు ఊళ్లకూ కలిపి ఒకటే జట్టు!

ఎంత ఇష్టమైన ఆటైనా పోవచ్చని అయోవాకు అనుభవమే. రాష్ట్రమంతా ఊగిపోయి చూసిన ఆరుగురి బాస్కెట్‌బాల్ 1993తో ముగిసింది. అందుకే వేసవి సాఫ్ట్‌బాల్ అంటే వాళ్లకంత పట్టింపు. 2020 వసంతంలో కరోనా దేశమంతటా స్కూలు మైదానాలకు తాళం వేసింది. జూన్‌లో అందరికంటే ముందు స్కూలు ఆటలు మొదలుపెట్టింది అయోవానే. ఆ జులైలో ఫోర్ట్ డాడ్జ్‌లో రాష్ట్ర పోటీలు కూడా జరిగాయి. మిగతా రాష్ట్రాల్లో ఆఖరి ఏడాది చదువుతున్న ఎంతోమంది అమ్మాయిలు చివరి మ్యాచ్ ఆడకుండానే బడి వదిలారు. అయోవా అమ్మాయిలకు ఆ లోటు లేకుండా చేసింది వేసవే.