కోరుకొండ మెట్లూ, వేటగాడి సంచీ

రాజమహేంద్రవరం దగ్గరి కోరుకొండ నరసింహస్వామి మెట్లు ఆరువందలకు పైచిలుకే, పైగా నిటారు. అమ్మ ఎక్కలేదు. ఆమె మొక్కుకున్న పాతిక కొబ్బరికాయల బస్తా పైకి చేర్చవలసినవాణ్ణి నేను. వయస్సు నలభై దాటింది, చేసేది తెలుగు పాఠాలు చెప్పే ఉద్యోగం!

కావడి కడదామంటే మెట్లమీద ఊగుతుంది. అందుకని వేటగాళ్ల వీపుసంచి కొన్నాను. 1972 వన్యప్రాణి చట్టం మన దేశంలో వేటకు పగ్గాలు వేసిందిగాని, సంచి చేసిన పాపమేమిటి? సంచి ఊడదీసి, ఉత్త చట్రానికే బస్తా బిగించవచ్చు. ఉట్లు తీసినా బద్ద మిగిలే మన కావడిలాగే!

కొనేవారు చూడవలసినవి మూడు: చట్రం వీపు పొడవుకు సరిపోవాలి, పట్టీ తుంటి ఎముకలపై ఆనాలి, బరువు వీపునంటి ఉండాలి. అప్పుడు భారం భుజాలు వదిలి కాళ్లమీదికి దిగుతుంది. అంగట్లోనే బరువు వేయించుకొని, నాలుగు మెట్లెక్కి చూసి మరీ కొనండి.