బురుజు సాక్షిగా...

కర్నూలు వెళ్తే కొండారెడ్డి బురుజు చూడకుండా రాకండి. 16వ శతాబ్దంలో అచ్యుత దేవరాయల కాలంలో కట్టిన కోటకు ఆనవాలుగా ఊరి నడిబొడ్డున నిలిచిందిది. ముందు రోడ్డు, చుట్టూ జనం. 2003లో వచ్చిన 'ఒక్కడు'లో ఓబుల్‌రెడ్డిని హీరో కొట్టిందిక్కడే. అదే దెబ్బ ఊరవతల చేలో పడితే మామూలు ఫైటే! సొంత ఇలాకాలో, నలుగురూ చూస్తుండగా పడింది కాబట్టే ఓబుల్‌రెడ్డి పరువు పోయింది, పగ రగిలింది, కథ పరుగందుకుంది. దర్శకుడు గుణశేఖర్ ఎంచుకున్న చోటుకి అంత బలముంది. 2020 నాటి 'సరిలేరు నీకెవ్వరు' కోసం రామోజీ ఫిల్మ్‌సిటీలో ఏకంగా బురుజు సెట్టే వేశారు. ఊరు మారినా, మహేశ్‌బాబు ఫైట్‌కి వెనకాల బురుజు ఉండాల్సిందే మరి!