ఒకే బ్రాండు షాపులో పక్కవాడి సరుకు

ఒకే కంపెనీ ఆడియో సామాను అమ్మే డీలరు తన షాపులో వేరే కంపెనీల వస్తువులు కూడా పెట్టుకోవచ్చా, కూడదా? ఇదీ ఓ సమస్యేనా, షాపు వాడిది, ఇష్టం వాడిది అంటారు చాలామంది. నా మటుకు నాకు ఇది అంత తేలిగ్గా తేలే విషయంలా కనబడటం లేదు. మా మావయ్య షాపు బండి ఇక్కడే ఆగి ఉంది మరి.

మావయ్యకి విశాఖపట్నంలో ఓ విదేశీ కంపెనీ స్పీకర్ల షాపుంది (పేరు చెప్పను, ఆయనకి లేనిపోని తలనొప్పి). బోర్డు మొదలుకొని గోడ రంగు దాకా అన్నీ కంపెనీ చెప్పినట్టే. వేరేవాళ్ళది వైరు ముక్క కూడా కనబడకూడదు. వచ్చే మార్చిలో ఒప్పందం రెన్యువల్‌కి వస్తోంది. ఈమధ్య వచ్చేవాళ్ళు "టర్న్‌టేబులుందా సార్?" అని తెగ అడుగుతున్నారట. ఆ కంపెనీ టర్న్‌టేబుళ్ళు తయారుచెయ్యదు. లేదనగానే వాళ్ళు ఇంకో షాపుకెళ్ళి టర్న్‌టేబులు కొంటూ, పనిలో పనిగా స్పీకర్లు కూడా అక్కడే కొనేస్తున్నారు. "నువ్వు ఇంజినీరువి కదరా, సంతకం పెట్టమంటావా వద్దంటావా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరంటే మా చుట్టాల్లో మిక్సీ బాగుచెయ్యడం నుంచి ఒప్పందాలు చదవడం దాకా అన్నీ వచ్చినట్టే లెండి.

ముందు కంపెనీ పక్షాన నిలబడి చూద్దాం. స్కాట్లండులోని లిన్ కంపెనీని పెట్టిన ఐవర్ టీఫెన్‌బ్రన్ తన డీలర్ల దగ్గర ఓ పట్టు పట్టేవాడు. డెమో గదిలో ఒక్క జత స్పీకర్లే ఉండాలి, ఎందుకంటే పక్కన ఊరికే ఉన్న స్పీకర్ల కోన్లు కూడా గదిలో శబ్దానికి కదిలి వినేదాన్ని పాడుచేస్తాయని. అందులో చెవికి తెలిసేదెంత, చాదస్తమెంత అన్నది పక్కన పెట్టండి. గోడనిండా ఇరవై జతలు పేర్చి, స్విచ్చి నొక్కుతూ ఇది విను అది విను అంటే కొనేవాడు దేన్నీ సరిగ్గా వినడు. కాస్త ఎక్కువ గట్టిగా మోగేదే బాగుందనుకుంటాడు.

తమాషా ఏంటంటే అదే లిన్ కంపెనీ ఎదిగింది పక్కవాడి సరుకుతో కలిసే. 1970ల్లో, 80ల మొదట్లో బ్రిటన్ షాపుల్లో లిన్ టర్న్‌టేబులు, నెయిమ్ ఆంప్లిఫయరు జంటగా అమ్ముడయ్యేవి. ఒకరు చెయ్యనిది ఇంకొకరు చేసేవాళ్ళు. 80ల మధ్యలో లిన్ సొంత ఆంప్లిఫయర్లు మొదలుపెట్టాక ఆ దోస్తీ పలచబడింది. నా వాదనంతా ఈ చిన్న తేడా చుట్టూనే తిరుగుతుంది. మన వస్తువుకి తోడయ్యే వస్తువు వేరు, దానికి పోటీ వచ్చే వస్తువు వేరు.

డెన్మార్కు కంపెనీ బాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ సంగతి చూడండి. ఒకే బ్రాండు షాపులకి పెట్టింది పేరు. 1972లో వాళ్ళ బియోగ్రామ్ 4000 టర్న్‌టేబులు ఓ సంచలనం. తర్వాత టర్న్‌టేబుళ్ళు మానేశారు. రికార్డుల మోజు తిరిగొచ్చాక, 2020లో పాత బియోగ్రాములనే బాగుచేసి కేవలం 95 అమ్మకానికి పెట్టారు. 2022లో అమెరికాలో సీడీలకన్నా ఎల్పీ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. మరి ఆ కంపెనీనే నమ్ముకున్న డీలరు రికార్డులు వినే కుర్రాడికి ఏం చూపించాలి? బ్రోచరా?

ఇంకా చిత్రం, 2016లో టీవీల కోసం ఆ కంపెనీ ఎల్‌జీతో చెయ్యి కలిపింది. అంటే కంపెనీకి అవసరమైతే పక్కవాడి తెర షాపులోకి రావచ్చు. డీలరుకి అవసరమైతే మాత్రం పక్కవాడి టర్న్‌టేబులు రాకూడదు. 2012లో బియోప్లే పేరుతో చవకరకం తెచ్చినప్పుడు వాటిని వేరే షాపుల్లో కూడా అమ్ముకున్నారు. ఏకపత్నీవ్రతం ఒక్క డీలరుకేనన్నమాట!

అలాగని అన్నీ తెచ్చి పెట్టుకోమని నేననను. మన ప్రాజెక్టుల్లో ముగ్గురు వెండర్లుంటే ఏమవుతుందో మీకు చెప్పాలా? బగ్గు వస్తే ఒకడు ఇంకొకడిమీద తోసేస్తాడు. ఆడియోలోనూ అంతే. టర్న్‌టేబులు ఒకరిది, ఆంప్లిఫయరు ఇంకొకరిది, ఎర్తింగ్ సరిగా కుదరక గుయ్యిమని మోత. ఎవడిదీ తప్పు కాదు, మోత మాత్రం పోదు. ఒకే బ్రాండు షాపుకొచ్చేవాడు ఎక్కువ డబ్బులిచ్చేది ఈ గొడవ లేకుండా ఉండటానికే. కాబట్టి పక్కవాడి వస్తువు పెట్టుకున్న డీలరు దాన్ని తనే బిగించాలి, మోత వస్తే తనే వెళ్ళాలి.

పక్కవాడి స్పీకర్లు మాత్రం వద్దన్నాను. అవి పెడితే ఆ షాపు ఊళ్ళో ఉన్న పది షాపుల్లో పదకొండోది అవుతుంది, ధర తగ్గించడం తప్ప వేరే ఆట ఉండదు. మావయ్యకి ఇది నచ్చలేదు. ఆ స్పీకర్ల మీద మార్జిన్ బాగుంటుందట.

చట్టం సంగతి కూడా కొంచెం చదివాను. మన 2002 కాంపిటీషన్ చట్టంలో మూడో సెక్షను ప్రకారం ఇలాంటి షరతు దానంతటదే చెల్లకుండా పోదు. మార్కెట్లో పోటీని చెప్పుకోదగ్గంతగా దెబ్బతీస్తేనే తప్పు. ఒక ఊళ్ళో ఒక చిన్న డీలరు విషయంలో అది నిరూపించడం అయ్యే పని కాదు. అందుకని కోర్టుల మాట మర్చిపోయి బేరమే ఆడమన్నాను.

మూడు మార్పులు రాసి ఇచ్చాను. కంపెనీ తయారుచెయ్యని రకం వస్తువుని డీలరు పెట్టుకోవచ్చు. రేపు కంపెనీయే ఆ రకం మొదలుపెడితే ఆరు నెలల్లో ఖాళీ చేసుకోవాలి. కంపెనీ తన సరుకుని ఆన్‌లైన్లో డీలరు ధరకన్నా తక్కువకి అమ్మితే ఆ రోజునుంచి డీలరుమీద ఏ కట్టడీ ఉండదు. మొదటి రెండిటికీ వాళ్ళ ముంబాయి మేనేజరు ఫోన్లోనే సరేనన్నాడు. మూడోదానికి మాత్రం "హెడ్డాఫీసుకి పంపిస్తా"నన్నాడు, ఇవాళ్టికి మూడు వారాలు.